అణకువ అనుకున్నారు, ఆటిజం అని చెప్పాలా?

ప్రశ్న: నా వయసు 30. మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో మ్యాపులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. రెండేళ్ల క్రితం సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే, పరీక్షలన్నీ చేసి నాకు ఆటిజం ఉందని చెప్పారు. చిన్నప్పటి నుంచీ నలుగురిలో ఉంటే అలసిపోతాను. మిక్సీ చప్పుడు, ఫంక్షన్ హాల్లో మైకు భరించలేను. మనుషులు పైకి చెప్పకుండా చెప్పే సంగతులు నాకు అందవు. ఇంట్లో అమ్మకు మాత్రమే ఈ విషయం తెలుసు.

ఈ మధ్య ఒక సంబంధం వచ్చింది. పెళ్లిచూపుల్లో నేను తల ఎత్తలేదు, అడిగినదానికే జవాబు చెప్పాను. "అమ్మాయి ఎంత అణకువగా ఉందో" అని వాళ్లు మెచ్చుకుని కబురు పెట్టారు. అది అణకువ కాదు. గదిలో తొమ్మిది మంది ఉన్నారు, ట్యూబ్‌లైటు గుయ్యిమంటోంది, నాకు మాట రాలేదు. అమ్మేమో "ఆ జబ్బు సంగతి ఎత్తకు, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి, నీ వెనక చెల్లెలుంది" అంటోంది. ఆ అబ్బాయి మీద నాకు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు.

ఇంకోటి. ఆదివారం పొద్దున్నే చెరువుల దగ్గర పక్షులు చూడటానికి వెళ్లే గుంపులో ఒకాయన ఏడాదిగా పరిచయం. ఆయన పక్కన ఉంటే నాకు అలసట రాదు. దాన్ని ప్రేమ అంటారా? ఆయన మనసులో ఏముందో నాకు తెలియడం లేదు. అసలు నాలాంటివాళ్లకు ప్రేమ, పెళ్లి కుదురుతాయా?

– పేరు రాయొద్దు, హైదరాబాద్

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. కుదురుతాయి. మీరు నొచ్చుకోకూడదని అంటున్న మాట కాదిది. జర్మనీలో మీలాగే చక్కగా మాట్లాడగలిగి, ఆటిజం ఉన్న పెద్దవాళ్లను వాళ్ల ప్రేమ సంబంధాల గురించి అడిగి చేసిన అధ్యయనం ఒకటి 2017లో వచ్చింది. రెండు వందల మందికి పైగా పాల్గొన్నారు. నూటికి 70 మందికి పైగా అప్పటికే ఏదో ఒక ప్రేమ సంబంధంలో ఉన్నవాళ్లు, లేదా ఒకప్పుడు ఉన్నవాళ్లే. నాకు తోడే అక్కర్లేదు అన్నవాళ్లు చాలా కొద్దిమంది. "వాళ్ల లోకం వాళ్లదే, వాళ్లకు మనుషులు అక్కర్లేదు" అని మన చుట్టాల్లో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మనిషి కావాలనే కోరిక మీకూ అందరిలాగే ఉంది, మీ ఉత్తరం నిండా అదే ఉంది. ఆ మనిషిని వెతుక్కునే దారి మాత్రం మీకు కొంచెం వేరుగా ఉండాలి.

మీ అమ్మగారు జబ్బు అన్నారు. ఆటిజం జబ్బు కాదు, వచ్చి పోయేది కాదు. పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. మీ వయసువాళ్లలో, అందులోనూ ఆడపిల్లల్లో, చిన్నప్పుడే దీన్ని ఎవరూ గుర్తించకపోవడం మామూలే. క్లాసులో గొడవ చేయని పిల్ల, మార్కులు తెచ్చుకునే పిల్ల, ఇంటర్వెల్‌లో ఒక్కతే కూర్చునే పిల్ల ఏ టీచరుకూ సమస్యగా కనిపించదు. "బుద్ధిమంతురాలు" అనే పేరొస్తుంది. మీకు ఇరవై ఎనిమిదేళ్ల దాకా తెలియకపోవడంలో వింత లేదు.

ఇంకో అపోహ ఉంది. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మనసు అర్థం కాదు కాబట్టి వాళ్లు మంచి భార్యో భర్తో కాలేరని. బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు (ఆయనకూ ఆటిజం ఉంది) 2012లో దీన్ని తిరగేసి అడిగాడు: అర్థం కాకపోవడం ఒకవైపే ఎందుకు ఉంటుంది? మామూలువాళ్లకు మాత్రం ఆటిజం ఉన్నవాళ్ల మనసు అర్థమవుతోందా? తర్వాత ఎడిన్‌బరో పరిశోధకులు ఒక ప్రయోగం చేసి 2020లో ప్రచురించారు. ఎనిమిదేసి మందిని వరసగా పెట్టి, మొదటివాళ్లకు ఒక కథ చెప్పి, ఒకరి నుంచి ఒకరికి చెప్పించుకుంటూ పోయారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసల్లో కథ ఎంత బాగా చేరిందో, ఎవరికీ ఆటిజం లేని వరసల్లోనూ అంతే బాగా చేరింది. ఇద్దరినీ కలిపిన వరసల్లోనే వివరాలు ఎక్కువగా జారిపోయాయి. అంటే లోపం మీ ఒక్కరిలో లేదు. రెండు రకాల మనుషుల మధ్య పొత్తు కుదరడానికి ఇద్దరూ కష్టపడాలి. ఇంతకాలం ఆ కష్టమంతా మీరొక్కరే పడుతూ వచ్చారు, అందుకే ఆ అలసట. జర్మనీ అధ్యయనంలోనూ, తోడు కూడా ఆటిజం ఉన్నవాళ్లే అయిన జంటల్లో తృప్తి ఎక్కువగా కనిపించింది. మీరు అలాంటి మనిషినే వెతుక్కోవాలని నేను అనను. ఎవరి దగ్గర కష్టపడకుండా ఉండగలుగుతున్నారో గమనించండి అంటాను. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు పెళ్లిచూపులు. పది నిమిషాల్లో మనిషిని చూసి తేల్చేసే పద్ధతి ఆటిజం ఉన్నవాళ్లకు ఎంత అన్యాయం చేస్తుందో చూపించిన పరిశోధన ఒకటి 2017లో అమెరికాలో వచ్చింది. ఆటిజం ఉన్నవాళ్లు మాట్లాడుతుండగా తీసిన చిన్న చిన్న వీడియో ముక్కలు చూపిస్తే, వాళ్లతో పరిచయం పెంచుకోవడానికి చూసినవాళ్లు వెనకాడారు. గొంతు మాత్రమే వినిపించినా అంతే. వాళ్లు మాట్లాడిన మాటల్నే రాతలో పెట్టి చదివిస్తే మాత్రం ఆ తేడా మాయమైంది. వాళ్లు చెప్పిన విషయంలో ఏ లోటూ లేదు. చెప్పిన తీరు, చూపు, గొంతు, ఇవే ఎదుటివాళ్లను వెనక్కి లాగాయి.

మన పెళ్లిచూపుల్లో మగపిల్లవాడికి సరిగ్గా ఇదే జరుగుతుంది. "అబ్బాయి కళ్లలోకి చూసి మాట్లాడటం లేదు, ఏదో దాస్తున్నారు" అంటారు. అమ్మాయి విషయంలో మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. తల ఎత్తకపోతే సిగ్గరి, మాట రాకపోతే పెద్దలంటే భయభక్తులున్న పిల్ల, మొహంలో ఏ భావమూ లేకపోతే నెమ్మదస్తురాలు. మీకు ఊపిరి ఆడని క్షణాన్ని చూసి వాళ్లు మెచ్చుకున్నారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు చూసింది నిజంగానే బాగుంది. కానీ వాళ్లు ఒప్పుకున్నది మిమ్మల్ని కాదు, ఆ అరగంట అక్కడ కూర్చున్న మరొక అమ్మాయిని. పెళ్లయితే ఆ అమ్మాయిని రోజూ మీరే తయారుచేసి వాళ్ల ముందు పెట్టాలి.

అదెలా ఉంటుందో ఒకసారి దగ్గరి నుంచి చూడండి. పెళ్లిరోజు నాదస్వరం మీ చెవి పక్కనే. వీడియో లైట్లు మొహం మీద. పట్టుచీర జరీ మెడ దగ్గర గీరుకుంటూ, తలలో మూరల కొద్దీ మల్లెపూలు, మీరెప్పుడూ చూడని రెండు వందల మంది వచ్చి బుగ్గలు పట్టుకుంటారు. సరే, ఒక్కరోజే కదా అని పళ్ల బిగువున భరించారనుకుందాం. మర్నాటి నుంచి అత్తగారింట్లో పొద్దున్నే మిక్సీ. హాల్లో టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చి గది తలుపు వేసుకుంటే "కోడలికి పొగరు". "కూరలో ఉప్పు తక్కువైనట్టుంది" అని అత్తగారంటే మీరు "అవునండీ, తక్కువే" అని నిజం చెబుతారు, ఉప్పు తెచ్చి వేయమనే ఆమె అలా అన్నారని మీకు తట్టదు. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక మీరూ నవ్వుతారు. ఇలా లోపల ఒకటి, పైకి ఒకటిగా నెట్టుకురావడాన్ని డాక్టర్లు మాస్కింగ్ అంటారు. ఎక్కువకాలం మాస్కింగ్ చేసేవాళ్లలో ఆందోళన, డిప్రెషన్ ఎక్కువని పరిశోధనలు పదే పదే చెబుతున్నాయి. ఒకరోజు మాట పూర్తిగా ఆగిపోతుంది, మంచం దిగలేరు. అప్పుడు "ఏమైంది ఈ పిల్లకి?" అనే ప్రశ్న వస్తుంది. అప్పుడు చెప్పే జవాబు కంటే ఇప్పుడు చెప్పే జవాబు వందరెట్లు నయం.

పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి అని మీ అమ్మగారు అన్నది ప్రేమతోనే. నేను దాన్ని తీసిపారేయను. చెల్లెలి గురించి ఆమె భయం కూడా ఉత్త భయం కాదు. "ఆ ఇంట్లో ఏదో ఉందట" అనే మాట మన ఊళ్లలో ఎంత దూరం పోతుందో ఆమెకు తెలుసు. కానీ దాచిపెట్టిన సంగతి పెళ్లయ్యాక బయటపడితే ఆ మాట ఇంకా దూరం పోతుంది, చెల్లెలికే ముందు తగులుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. హిందూ వివాహ చట్టం, 1955లోని 5వ సెక్షన్ ప్రకారం, పెళ్లంటే ఏమిటో తెలిసి, తన ఇష్టంతో ఒప్పుకోగలిగిన మనిషికి ఆటిజం ఉన్నంత మాత్రాన ఏ అడ్డూ లేదు. అదే చట్టం 12వ సెక్షన్ మాత్రం ఇంకో మాట చెబుతుంది. వధువుకో వరుడికో సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసం చేసి ఒప్పించారని రుజువైతే, ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. విషయం బయటపడిన ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. ఆటిజం సంగతి చెప్పకపోవడం ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది కేసును బట్టి ఉంటుంది. కానీ అలాంటి కేసులో నిలబడి వాదించుకోవాల్సిన పరిస్థితి మీకెందుకు? ఇంకోవైపు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. ఆటిజం ఉందని మిమ్మల్ని వివక్షతో చూస్తే ఆ చట్టం మీ వైపు ఉంటుంది. చెప్పుకుంటే వచ్చే రక్షణ, దాచుకుంటే రాదు.

కాబట్టి చెప్పాలి. అయితే దానికంటే ముందు ఒక పని ఉంది. ఆ అబ్బాయి మీద ఇష్టమూ అయిష్టమూ లేదన్నారు. అరగంట చూసిన మనిషి మీద అంతకంటే ఏముంటుంది? ఇంకో రెండు మూడుసార్లు, ఇద్దరే, చప్పుడు లేని చోట కలవాలని అడగండి. హోటళ్లు వద్దు. పొద్దుటిపూట పార్కులో నడుస్తూ మాట్లాడుకోవడం మేలు. పక్కపక్కన నడిచేటప్పుడు కళ్లలోకి చూడాల్సిన అవసరమే రాదు. అప్పుడు కూడా మనసు కదలకపోతే వద్దనండి. అప్పుడు ఆటిజం సంగతి ఆయనకు చెప్పాల్సిన పనే లేదు. కదిలితే మాత్రం తాంబూలాలు పుచ్చుకోకముందే చెప్పండి.

ఎవరి ద్వారా? మధ్యవర్తి ద్వారా వద్దే వద్దు. ఆ మాట ఆయన నోటి నుంచి అవతలి ఇంటికి చేరేసరికి "పిల్లకు మతిస్థిమితం లేదట" అయిపోతుంది. పెద్దల ముందు కూడా వద్దు. ఆ అబ్బాయికి నేరుగా చెప్పండి. నోటితో చెప్పడం కష్టమైతే రాయండి, వాట్సాప్‌లోనైనా ఫర్వాలేదు. రాతలో మీరు మీలాగే ఉంటారు, మీ ఉత్తరమే అందుకు సాక్ష్యం. పేరు ఒక్కటీ చెప్పి వదిలేయొద్దు. ఆటిజం అనగానే చాలామందికి మాటలు రాని చిన్నపిల్లాడే గుర్తొస్తాడు. ఆ పేరుకు మీ రోజువారీ జీవితంలో అర్థమేమిటో చెప్పండి. ఉదాహరణకు ఇలా:

"పెళ్లిచూపుల రోజు నేను పెద్దగా మాట్లాడలేదు. అది సిగ్గు కాదు. నాకు ఆటిజం ఉందని రెండేళ్ల క్రితం తెలిసింది. ఒకేసారి నలుగురు మాట్లాడుతుంటే నాకు మాట రాదు. ఒక్కరితో అయితే బాగానే మాట్లాడతాను. గట్టి చప్పుళ్లు పడవు. ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు ఒంటరిగా ఉంటేగానీ తేరుకోను. ఎదుటివాళ్లకు కోపం వచ్చిందో లేదో మొహం చూసి కనిపెట్టలేను, మాటల్లో చెబితే అర్థమవుతుంది. నా ఉద్యోగం, అద్దె, డబ్బు వ్యవహారాలు నేనే చూసుకుంటున్నాను. మీరు అడగాలనుకున్నవి అడగండి, ఆలోచించుకుని చెప్పండి. వద్దనుకున్నా తప్పుగా అనుకోను. ఈ సంగతి మీ దగ్గరే ఉంచండి."

మీకు తగ్గట్టు మార్చుకోండి. చెబితే చులకనైపోతానన్న భయం సహజమే. కానీ ఆటిజం ఉందని ముందే చెబితే, పైగా వినేవాళ్లకు ఆటిజం గురించి కొంత తెలిసి ఉంటే, ఆ మనిషి మీద కలిగే అభిప్రాయం మెరుగవుతుందని ఇందాక చెప్పిన వీడియో ముక్కల పరిశోధన చేసిన బృందంలోని వాళ్లే 2019లో చూపించారు. కారణం తెలియని వింత ప్రవర్తన భయపెడుతుంది. కారణం తెలిస్తే ఆ భయం చాలావరకు పోతుంది.

తర్వాత ఆయన ఏం చేస్తాడో చూడండి. రెండు రోజులు ఆలోచించుకుని "ఒంటరిగా ఉండే ఆ గంటలో నేను ఇంట్లో ఉండొచ్చా, బయటికి వెళ్లాలా?" లాంటి ప్రశ్న అడిగితే, నాకు ఆ మనిషి మీద గౌరవం కలుగుతుంది. "మా అమ్మకు మాత్రం చెప్పకు" అంటే ఆగి ఆలోచించండి, దాపరికం ఇల్లు మారిందంతే. "మందులేమైనా ఉన్నాయా, తగ్గుతుందా?" అంటే తెలియక అడిగి ఉండొచ్చు, విడమరిచి చెప్పండి, విన్నాక కూడా అదే మాట అంటే చాలించండి. "నేను నిన్ను మార్చేస్తాను" అనేవాడు మాత్రం వద్దు.

"పిల్లలకు వస్తుందా?" అని తప్పకుండా అడుగుతారు. తడబడొద్దు. ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర పెద్దదే. అవకాశం కొంత ఎక్కువ, తప్పనిసరి అని కాదు. జెనెటిక్ కౌన్సెలింగ్ చేసే డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి వివరంగా మాట్లాడవచ్చు. ఒకవేళ ఆటిజం ఉన్న బిడ్డే పుడితే, మీకు పాతికేళ్లకు పైగా అందని అర్థం ఆ బిడ్డకు తల్లి ఒడిలోనే అందుతుంది. ఇది నా సొంత అభిప్రాయం, ఎవరికైనా చెబుతాను.

ఇక చెరువు గట్టు మనిషి. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించిన వాక్యం "ఆయన పక్కన ఉంటే నాకు అలసట రాదు" అన్నదే. మీలాంటివాళ్లకు మనుషులు దగ్గరయ్యేది ఇలాంటి చోటే. చేతిలో బైనాక్యులర్, చూపు నీటి మీద, మాట్లాడకపోయినా ఎవరూ అడగరు, మాట్లాడితే ఇద్దరికీ ఇష్టమైన విషయమే. సూళ్లూరుపేట వైపు పుట్టి, అక్కడి నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులను (పెలికన్లను) చూస్తూ పెరిగిన అమ్మాయికి చెప్పడానికి ఎంత ఉంటుంది! పది నిమిషాల్లో తేల్చరు, వారం వారం కొంచెం కొంచెంగా తెలుసుకుంటారు. ఈయన విషయం కుదిరినా కుదరకపోయినా, మీరు మనుషుల్ని కలుసుకోవాల్సింది ఇలాంటి చోట్లలోనే. డేటింగ్ యాప్‌లు వద్దని అనను. అక్కడ మొదటి పరిచయం రాతలో జరుగుతుంది కాబట్టి కొందరికి అనుకూలమే. కానీ అక్కడ సగం మాటలు సూచనల్లోనే నడుస్తాయి, మీరు అలసిపోతారు.

దాన్ని ప్రేమ అంటారా అని అడిగారు. తమ మనసులో కలిగేదానికి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందిలో ఇది కనిపిస్తుంది. భావం లేకపోవడం కాదు, ఉన్నది ఏమిటో తెలియకపోవడం. అలాంటప్పుడు "నాకు ప్రేమ ఉందా?" అని మనసును ఎంత అడిగినా జవాబు రాదు. మీరు చేసే పనుల్ని అడగండి. ఆదివారం ఆయన రాకపోతే ఆ పొద్దు ఎలా గడుస్తుంది? ఆఫీసులో ఏదైనా వింత జరిగితే ఆయనకు చెప్పాలని దాచుకుంటున్నారా? ఆయనకు బాగోలేదని తెలిస్తే ఆ రాత్రి నిద్ర పట్టిందా? ఆయన చెయ్యి తగిలితే వెనక్కి తీసుకోవాలనిపించిందా? ఒక నోట్‌బుక్‌లో నెల రోజులు రాసుకోండి, పక్షుల పేర్లు రాసుకున్నట్టే. ప్రశాంతత ప్రేమ అవునా కాదా అని పండితుల చర్చ నాకు అక్కర్లేదు. జీవితాంతం పక్కన ఉండాల్సిన మనిషి దగ్గర ప్రశాంతత లేకపోతే మిగతావేవీ నిలవవు.

ఆయన మనసులో ఏముందో మొహం చూసి కనిపెట్టాలని ప్రయత్నించకండి, అడగండి. అంతకంటే ముందు ఆయనకు పెళ్లయిందా, మరెవరైనా ఉన్నారా అన్నది తెలుసుకోండి. మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. ఎవరూ లేరని తెలిస్తే, గుంపులో కాకుండా, నడిచి వెనక్కి వచ్చేటప్పుడో మెసేజ్‌లోనో అడగొచ్చు: "మీతో గడిపే ఆదివారాలు నాకు బాగుంటాయి. పక్షుల కోసం కాకుండా విడిగా కూడా కలవాలనుంది. స్నేహం కంటే ఎక్కువగా అనిపిస్తోంది. మీకూ అలా ఉందా? సూచనలు నాకు అర్థం కావు, ఉంటే ఉందని, లేకపోతే లేదని చెప్పేయండి." ఆడపిల్ల ఇలా అడగొచ్చా అనేవాళ్లు ఉంటారు. అడగొచ్చు. మంచి మనిషైతే, లేకపోయినా, ఇంత నిజాయితీగా అడిగినందుకు మిమ్మల్ని గౌరవిస్తాడు.

"చూద్దాంలే", "ఇప్పుడు కాస్త బిజీగా ఉన్నాను", "మీరు చాలా మంచివారు" – ఇలాంటి జవాబులు వస్తే కాదు అనే అనుకోండి. మనవాళ్లు మొహం మీద కాదనలేక అలా అంటారు. కాదంటే మళ్లీ అడగొద్దు, కారణాలు తవ్వొద్దు, మెసేజీలు పెట్టొద్దు. మనసంతా ఒకే విషయం మీద నిలిచిపోవడం మీకు అలవాటైన పనే అయి ఉంటుంది. అది మనిషి మీద నిలిస్తే ఆపుకోవడం కష్టం. ఆ రోజుల కోసం ఒక స్నేహితురాలికి ముందే చెప్పి పెట్టుకోండి, ఆయనకు పంపాలనిపించినవన్నీ ఆమెకు పంపండి. బాధ ఉంటుంది. కొన్నాళ్లు వేరే చెరువుకు వెళ్లండి, పక్షులను మాత్రం మానుకోవద్దు.

ఆ స్నేహితురాలు ఇంకో పనికి కూడా కావాలి. ఆటిజం ఉన్న స్త్రీలు మోసానికి, లైంగిక హింసకు మిగతావాళ్లకంటే ఎక్కువగా గురవుతున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. మాటను మాటగానే నమ్మడం, వద్దనిపించినా ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని ఊరుకోవడం చిన్నప్పటి నుంచీ నేర్పించారు కదా మీకు. కాబట్టి కొన్ని విషయాల్లో ఆలోచన పెట్టుకోవద్దు, నియమం పెట్టుకోండి. పెళ్లికి ముందు ఎవరైనా డబ్బు అప్పు అడిగితే మీరు ఇవ్వరు. ఎవరికీ చెప్పొద్దు అనే సంబంధంలో ఉండరు. ఫొటోలు పంపరు. ఎవరు తొందరపెట్టినా వారం గడువు అడుగుతారు. మీ జీతం మీ ఖాతాలోనే ఉంటుంది, పెళ్లయ్యాక కూడా. ఏ మాటైనా తేడాగా అనిపిస్తే ఆ స్నేహితురాలికి చదివి వినిపించండి.

తాకిడి గురించి కూడా పెళ్లికి ముందే మాట్లాడుకోవాలి. మన ఇళ్లలో ఈ మాట ఎవరూ ఎత్తరు, మొదటిరాత్రి వాళ్లే తెలుసుకుంటారు అంటారు. మీ విషయంలో అలా వదిలేయకూడదు. ఆటిజం ఉన్న కొందరికి సుతారంగా తాకితే ఒళ్లు జలదరిస్తుంది, గట్టిగా పట్టుకుంటే హాయిగా ఉంటుంది. కొందరికి ముందు చెప్పకుండా తాకితే పడదు. మీకేది హాయి, ఏది కాదు, ఏ వాసన పడదు, ఈరోజు వద్దు అంటే దాని అర్థం నువ్వు వద్దు అని కాదు – ఇవన్నీ మాటల్లో చెప్పాలి. వినేవాడికి ఇబ్బందిగా ఉన్నా, చెప్పిన జంటలు చెప్పనివాళ్లకంటే సుఖంగా ఉండటం నేను చూశాను.

ఇప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అంటారా? ఆ సంబంధం వాళ్లకు నెల గడువు అడగండి. ఆ నెలలోనే చెరువు గట్టాయనను అడిగేయండి. ఒకరి జవాబు కోసం ఎదురుచూస్తూ ఇంకొకరికి ఆశ పెట్టడం ఇద్దరికీ అన్యాయం, అంత గజిబిజిని మీ మనసు కూడా మోయలేదు. ఆయన అవునంటే ఈ సంబంధం మర్యాదగా వదులుకోండి. అప్పుడు కులమో ఊరో ఇంట్లో పెద్ద గొడవే కావొచ్చు, అది మళ్లీ రాయండి, మాట్లాడుకుందాం. కాదంటే, ఈ అబ్బాయిని ఇంకో రెండుసార్లు కలిసి అప్పుడు తేల్చుకోండి. ఇద్దరూ కాకపోయినా ముప్పై ఏళ్లకే ఏదీ ముగిసిపోలేదు. ఈ నెలలో టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీకు ఆటిజం ఉందని చెప్పిన డాక్టరునే, అమ్మను తీసుకొస్తాను, ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి అని అడగండి. కూతురు చెబితే వినని మాటలు డాక్టరు చెబితే వింటారు.

ఒకవేళ ఆ అమ్మే ఇది చదువుతుంటే, అమ్మా, మీకూ రెండు మాటలు. మీ అమ్మాయి హైదరాబాద్‌లో ఒక్కతే ఉండి, ఉద్యోగం చేసుకుంటూ, తనకేమైందో తనే డాక్టరు దగ్గరికి వెళ్లి తెలుసుకుంది. ఆ సంగతి మొదట మీకే చెప్పింది. మిమ్మల్ని అంత నమ్మింది. ఆమెను ఎవరూ వద్దంటారేమోనని మీ భయం. ఉన్నదున్నట్టు తెలిసి కావాలనేవాడు ఒక్కడు దొరికితే చాలు, వద్దనేవాళ్లు ఎంతమంది ఉంటే ఏం? నెల గడువు సంగతి ఆ సంబంధం వాళ్లకు మీరే చెప్పండి. అమ్మాయి చెబితే మొండితనం అంటారు, మీరు చెబితే ఏదో ఆలోచించే అడుగుతున్నారని ఆగుతారు.